విన్నవాళ్ళ వేలిముద్ర

వేసవి సెలవులకు ఏప్రిల్ పదిన బడి మూసేస్తారనగా, నాలుగు రోజుల ముందే నాగవేణి టీచర్ పుస్తకాల బీరువా తీయించింది. తాళంచెవి ఆమె చేతిలో పెట్టడానికి హెడ్మాస్టరు కరిబసప్ప రెండు రోజులు వెనకాడాడు.

"పుస్తకాలు పోతే సమాధానం ఎవరు చెప్పాలి నాగవేణమ్మా? పైనుంచి వచ్చినవాళ్ళు నన్నడుగుతారు గానీ నిన్నడగరు."

"బీరువాలోనే చెదలు తినేస్తే అప్పుడెవరు చెప్తారు సార్?"

ఆయన నవ్వి తాళంచెవి ఇచ్చేశాడు. చిక్కమగళూరు కొండల్లో, కాఫీ తోటల మధ్య ఉన్న ఆ చిన్న బడిలో నాగవేణి పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. సెలవులొస్తే పిల్లలు అక్షరాలు మర్చిపోయి రావడం ఆమెకు ఏటా చూసీ చూసీ విసుగెత్తింది. మార్చిలో గడగడా చదివిన పిల్ల జూన్‌లో ఒత్తుల దగ్గర తడబడుతుంది. అందుకే కిందటేడు సెలవుల్లో పిల్లలకు పుస్తకాలిచ్చి పంపింది. చదివిన రోజున ఇంట్లో పెద్దవాళ్ళు సంతకం పెట్టాలని ఒక అట్టముక్క కూడా ఇచ్చింది. జూన్‌లో చూస్తే సంతకాలన్నీ ఒకే కలంతో, ఒకే పూటలో, వరసగా బారులు తీరి ఉన్నాయి. పుస్తకాల కాగితాలు మాత్రం ఒకదాన్నొకటి అంటుకునే ఉన్నాయి. అప్పుడు స్టాఫ్ రూములో అందరితో పాటు తనూ నవ్వేసింది కానీ, ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు.

ఈసారి పద్ధతి మార్చింది. రోజూ సాయంత్రం ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టుకుని పైకి చదవాలి. రోజుకో భాగం, అంతే. ఎక్కువ చదివేసి మర్నాడు ఆడుకుంటానంటే కుదరదు. విన్నవాళ్ళు కార్డు మీద ఆ రోజు గడిలో సంతకం పెట్టాలి, రాయడం రానివాళ్ళు వేలిముద్ర వేయాలి. సిరా లేకపోతే పొయ్యి మసిలో నాలుగు చుక్కల నూనె కలుపుకుంటే చాలు. ఏప్రిల్ పదకొండు నుంచి మే ఇరవై ఎనిమిది దాకా నలభై ఎనిమిది గడులు.

"మా అవ్వకు చెవుడు మిస్. ఆమెకు చదివినా లెక్కేనా?" అన్నాడొకడు.

"గట్టిగా చదువు, వినబడుతుంది."

"మా నాన్న మధ్యలోనే గుర్రు పెడతాడు మిస్."

"మా ఇంట్లో తీరిగ్గా ఉండేది ఆవొక్కటే మిస్. దానికి చదవనా?"

"దానిచేత వేలిముద్ర వేయించుకొస్తానంటే అలాగే చదువు."

పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వులు సద్దుమణిగాక ఆమె వేలు చూపించి చెప్పింది. "ఒక్క మాట. అబద్ధపు ముద్రలు వేసుకొచ్చారో, నా కంటికి దొరికిపోతారు. ఒక్క పుస్తకమే చదవండి, నిజంగా చదవండి. అంతే నేనడిగేది."

అందరూ పుస్తకాలు తీసుకుని వెళ్ళాక సించన ఒక్కతే మిగిలింది. ఐదో తరగతి. ఐదు కిలోమీటర్ల పైన ఉన్న మావినకాడు ఎస్టేటు నుంచి ఈ బడికి వచ్చేది ఆ పిల్ల ఒక్కతే. అక్కడి కూలీల లైను ఇళ్ళల్లో మిగతావాళ్ళంతా అస్సాం నుంచి పనికి వచ్చినవాళ్ళు. వాళ్ళ పిల్లలు బడికి రారు. సించన ఎక్కువ మాట్లాడదు. మాట్లాడితే మాత్రం ముందే మనసులో కూడబలుక్కుని వచ్చినట్టు తిన్నగా మాట్లాడుతుంది.

"మిస్, నేను ఒకటి కాదు, పదకొండు తీసుకోవచ్చా? మళ్ళీ మార్చుకోవడానికి రావాలంటే దూరం."

"పదకొండే! అన్నీ చదువుతావా?"

"చదువుతాను. అమ్మ ఇప్పుడు పనికి పోవడం లేదు, ఇంట్లోనే ఉంటుంది. అమ్మకు చదవడం రాదు. రాకపోయినా వినొచ్చు కదా మిస్?"

"చదవడం రానివాళ్ళే బాగా వింటారు. అమ్మ ఇంట్లోనే ఉంటే ఇంకేం కావాలి నీకు?" అంటూ నాగవేణి తనే ఏరి పదకొండు పుస్తకాలు ఇచ్చింది. హెడ్మాస్టరు చూడకుండా సంచిలో పెట్టి మరీ ఇచ్చింది. అమ్మ పనికి ఎందుకు పోవడం లేదని అడగాలని ఆమెకు తోచలేదు. అవతల బస్సుకు వేళవుతోంది. సెలవులకు ఆమె దావణగెరెలో ఉన్న భర్త దగ్గరికి వెళ్ళిపోయింది.

బడి తెరిచిన వారానికి విద్యాధికారి వస్తున్నాడని కబురొచ్చింది. ఈ చదువు సంగతి ఆయన చెవిన పడిందట, శుక్రవారం వచ్చి పిల్లల్ని స్వయంగా చూస్తాడట. బుధవారం సాయంత్రం నాగవేణి ముప్ఫై ఎనిమిది కార్డులూ ముందేసుకుని కూర్చుంది. కొన్నింటి మీద టీ మరకలు, కొన్నింటి మీద పసుపు. ఒకదాని మీద చంటిపిల్లాడి అరచెయ్యి మొత్తం పడింది. గడులు ఖాళీగా వదిలేసినవాళ్ళు కూడా నిజాయితీగా వదిలేశారు. ఆమె కడుపు నిండినట్టయింది. అన్నింటికన్నా అడుగున సించన కార్డు ఉంది. పదకొండు పుస్తకాల పేర్లు గుండ్రటి చేతిరాతతో రాసి ఉన్నాయి. అధికారి ముందు మొదట పిలవాల్సింది ఈ పిల్లనే అనుకుంటూ ఆమె కార్డును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

మొదటి ఇరవై రెండు గడుల్లో మసితో వేసిన పెద్ద వేలిముద్రలు. పగుళ్ళు బారిన వేలు, పని చేసిన వేలు. రాను రాను ఆ ముద్రలు పక్కకు జారి, అలికినట్టయ్యాయి. ఆ తర్వాత మూడు గడులు ఖాళీ. ఇరవై ఆరో గడి నుంచి చివరిదాకా పడిన ముద్ర వేరే. చిన్నది, నున్నటిది. గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. పెద్దవాళ్ళ వేలు కానే కాదది.

నాగవేణి ఇంకోసారి చూసింది. మూడు రోజులు మానేసి, ఆ తర్వాత ఒక్క పూటలో కూర్చుని ఇరవై మూడు గడులూ తనే నింపేసుకుందన్నమాట! ఇంకెవరి కార్డైనా అయితే ఆమె అంత బాధపడేది కాదు. హెడ్మాస్టరు కళ్ళుగప్పి పదకొండు పుస్తకాలిచ్చింది ఈ పిల్లకే కదా. ఈ పిల్ల కూడానా అనుకుంది. కోపం కంటే ముందు అవమానం కలిగింది. ఆ అవమానమే తెల్లారేసరికి కోపమైంది.

మర్నాడు ప్రార్థన అయ్యాక, పిల్లలంతా బారులు తీరి నిల్చుని ఉండగా, ఆమె సించనను ముందుకు పిలిచింది.

"ఈ కార్డు నీదేనా?"

"నాదే మిస్."

"ఈ పై వరసల్లో వేలిముద్ర ఎవరిది?"

"అమ్మది."

"ఈ కింద వరసల్లోది?"

పిల్ల తల దించుకుంది. "నాది."

"విన్నవాళ్ళు వేయాలని చెప్పానా లేదా? అసలు చదివావా?"

"చదివాను మిస్. అన్నీ చదివాను."

"ఎవరు విన్నారు?"

"అమ్మ."

"అమ్మ వింటే అమ్మ వేలెందుకు పడలేదు?"

సించన చాలా చిన్నగా అంది. "అమ్మ లేదు మిస్."

"లేని మనిషి ఎలా విన్నదే?"

బారుల్లోంచి పిల్లలు గొల్లుమన్నారు. సించన తలెత్తి ఆమె ముఖంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో బెదురు లేదు, ఏడుపు లేదు. ఏదో అర్థం చేసుకుంటున్నట్టుగా ఉంది. ఆ తర్వాత ఎంత గద్దించినా నోరు విప్పలేదు.

నాగవేణి ఎర్ర కలం తీసి, అందరూ చూస్తుండగా, ఆ ఇరవై మూడు గడులనూ అడ్డంగా కొట్టేసింది. "మూడే పుస్తకాలు చదివి మూడే అని చెప్పినవాళ్ళు దీనికన్నా గొప్పవాళ్ళు" అంది. కార్డులు చూసి ఇవ్వాలనుకున్న మొదటి బహుమతికి టైలరు కూతురు పూర్విక పేరు చదివింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సించన కూడా కొట్టింది.

ఆ మధ్యాహ్నం సించన అన్నం తినలేదని నాగవేణి గమనించలేదు. సాయంత్రం తన బల్ల మీద పదకొండు పుస్తకాలు, పాత చీర ముక్కలో మూటకట్టి ఉన్నాయి. ఒక్క కాగితం మడత పడలేదు. వాటిని బీరువాలో పెడుతూ, ముట్టుకోకపోతే ఇలాగే ఉంటాయిలే అనుకుంది.

శుక్రవారం విద్యాధికారి వచ్చాడు. కార్డులు తిరగేసి మురిసిపోయాడు. పూర్విక చేత ఒక పేజీ చదివించుకున్నాడు. ఇలాంటిది తాలూకా మొత్తం పెట్టాలన్నాడు. ఫోటోలు తీశారు. కరిబసప్ప ఆ రోజంతా నాగవేణిని "మా నాగవేణమ్మ" అంటూనే ఉన్నాడు.

సించన ఆ రోజు రాలేదు. శనివారం రాలేదు. సోమవారం వాన పట్టుకుంది, వాన వల్లేమో అనుకున్నారు. మంగళవారం మధ్యాహ్నం నాగవేణి వంటగది గుమ్మంలో నిలబడి, భోజనం వండే జయక్కను అడిగింది.

"జయక్కా, ఆ ఎస్టేటు పిల్ల రావడం లేదు. అలిగినట్టుంది. నీకేమైనా తెలుసా?"

జయక్క గరిటె పక్కన పెట్టి ఆమె వంక అదోలా చూసింది.

"అలగడమేంటి టీచరమ్మా! ఆ పిల్లను మేనత్త ఊరికి పంపేశారంట. నిన్న రేషన్ షాపు దగ్గర ఎస్టేటులో లెక్కలు రాసే రైటరు చెప్పాడు. తల్లి పోయాక ఆ లైనులో ఆడపిల్లను ఒంటరిగా ఆ తండ్రి ఎట్లా పెట్టుకుంటాడు పాపం."

"తల్లి పోయాకా?"

"మే నెల మొదట్లోనే పోయిందంట కదా. నాకూ నిన్ననే తెలిసింది. కడుపులో గడ్డ."

సాంబారు పొంగుతోందని జయక్క అటు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగి చూసేసరికి టీచర్ అక్కడ లేదు.

ఆమె సెలవు చీటీ కూడా రాయలేదు. గొడుగు తీసుకుని వానలోనే మావినకాడు దారి పట్టింది. ఐదు కిలోమీటర్లూ కొండెక్కడమే. కాళ్ళకు జలగలు పట్టుకుంటున్నా దులుపుకోలేదు. అమ్మ లేదు మిస్. ఆ మాటకు రెండో అర్థం ఉంటుందని తనకెందుకు తట్టలేదు? ఊళ్ళో చిన్న పిల్లాడికైనా తడుతుందే!

సించన తండ్రి సిద్దేశ లైను ఇంటి అరుగు మీద కూర్చుని కత్తికి పిడి బిగిస్తున్నాడు. టీచర్‌ను చూసి గబుక్కున లేచాడు. ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు. వద్దంటున్నా వినకుండా బెల్లం వేసిన కాఫీ కాచి తెచ్చాడు.

"ఇంత వానలో వచ్చారేంటి టీచరమ్మా? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదా."

"నాకు తెలియదు సిద్దేశా. సెలవుల్లో ఊళ్ళో లేను. ఇవాళే విన్నాను."

"ఉగాది అయినాక డాక్టరు చెప్పేశాడు, ఇంటికి తీసుకుపొమ్మని. పిల్లకు మేం చెప్పలేదు. అయినా దానికి తెలుసు." అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "మీకు ఒక మాట చెప్పాలనుకుంటున్నా టీచరమ్మా. మీరిచ్చిన పుస్తకాలు మాకు దేవుడిచ్చినట్టే అయినాయి. సాయంత్రమైతే దాని తల్లి పుట్టలక్ష్మి నొప్పితో మెలికలు తిరిగేది. పిల్ల పుస్తకం తీసిందంటే ఊరుకునేది. పక్కింటి అస్సామోళ్ళ ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళకొక్క ముక్క అర్థం కాదు, ఊరికే పిల్ల గొంతు వినడానికి. ఒక కథలో కండక్టరు ఒకడు బస్సులో కునికిపాట్లు పడుతూ అందర్నీ వేరే ఊళ్ళల్లో దించేస్తాడంట. అది మూడుసార్లు చదివించుకుంది. నవ్వితే కడుపు నొప్పని కడుపు పట్టుకుని మరీ నవ్వింది."

నాగవేణి చేతిలో కాఫీ అలాగే ఉంది.

"వేలు వేసేటప్పుడు పిల్లే వాళ్ళమ్మ చెయ్యెత్తి పట్టుకునేది. చివర్లో ఆ బలం కూడా లేదు. తప్పిపోయిన దూడ కథ ఒకటి చదువుతున్నారు అప్పుడు. ఆ సాయంత్రం దూడ దొరుకుతుందో లేదో చెప్పవే అని పుట్టలక్ష్మి అడిగింది. ఇవాళ్టికింతే అమ్మా, రోజుకొక్క భాగమే చదవాలని మిస్ చెప్పింది, రేపు చెప్తా అంది పిల్ల. కోడి కూయకముందే పోయింది."

వాన రేకుల మీద దబదబా కురుస్తోంది. సిద్దేశ కాస్త గొంతు పెంచి చెప్పాడు.

"మూడో రోజు కర్మ అయిన మర్నాడు పిల్ల కనబడలేదు. వెతుక్కుంటూ పోతే, అదిగో ఆ సిల్వర్ ఓక్ చెట్ల అవతల, మేం మట్టి చేసిన చోట కూర్చుని చదువుతోంది. పైకే, రోజూ చదివినట్టే. దూడ దొరికే దాకా చదివింది. ఆ తర్వాత రోజూ పోయేది. నేను కాఫీ చెట్ల చాటున నిలబడి వినేవాణ్ణి. ఒకరోజు అడిగా, నేనూ వింటున్నా కదే, నా వేలు వేస్తా అని. వద్దంది. నువ్వు చాటుగా విన్నావు నాన్నా, నేను చదివింది అమ్మకు. అమ్మ వేలు లేదు కాబట్టి ఆమె బదులు నాది వేస్తున్నా, మిస్‌కు చెప్తాలే అంది."

నాగవేణి కప్పు కింద పెట్టేసింది.

"మట్టి రోజునే మా అక్క ఇంద్రమ్మ తరీకెరెకు తీసుకుపోతానంది. వదిలితే గదా! గుమ్మం చట్రం పట్టుకుని ఒకటే ఏడుపు. బడి తెరుస్తారు, మిస్‌కు కార్డు చూపించాలి, నేను రాను అని. నెల రోజులు అట్లాగే మొండికేసింది. సరేలే, బడి మీద అంత ఇష్టమున్నప్పుడు ఎట్లానో నెట్టుకొద్దామనుకున్నా. పోయిన గురువారం బడి నుంచి వచ్చి, నాన్నా అత్త ఊరికి పోతాను అంది. తనే బట్టలు సర్దుకుంది. దారికొచ్చిందిలే అనుకున్నా." అతను ఆమె వైపు చూశాడు. "బడిలో ఏమైనా జరిగిందా టీచరమ్మా?"

పిల్ల ఇంట్లో ఏమీ చెప్పలేదన్నమాట. చెప్పకుండా లేచి వచ్చేయడానికి నాగవేణికి దారి ఉంది. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తన మీద అసహ్యం కలిగింది. జరిగినదంతా చెప్పింది. తను అన్న మాట, పిల్లల నవ్వు, ఎర్ర గీతలు, అన్నీ. ఒక్కటి కూడా మెత్తన చేయలేదు.

సిద్దేశ కత్తి పిడి వంక చూస్తూ విన్నాడు. "అట్లాగా" అన్నాడు. పిడి ఇంకోసారి బిగించి "పిల్ల చెప్పలేదే" అన్నాడు.

"నన్ను తిట్టు సిద్దేశా."

"తిట్టి ఏం చేసుకోను టీచరమ్మా." అతను లేచాడు. "బయల్దేరండి. ఈ వారం ఈ పక్కకు ఏనుగులు దిగుతున్నాయి."

తలమీద గోనెసంచి కప్పుకుని ఎస్టేటు గేటు దాకా తోడొచ్చాడు. గేటు దగ్గర ఆమె కాలికి పట్టిన జలగను చూసి, వంగి, జేబులోంచి సున్నం తీసి రాసి ఊడగొట్టాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆదివారం తొలి బస్సుకే నాగవేణి తరీకెరె వెళ్ళింది. బస్టాండు వెనక సందులో ఇంద్రమ్మ ముద్ద హోటల్ నడుపుతోంది. లోపల ముగ్గురు డ్రైవర్లు రాగి ముద్దలు మింగుతున్నారు. సించన వెనక గుమ్మంలో కూర్చుని, ఒక చేత్తో ఉయ్యాల తాడు లాగుతూ, ఒళ్ళో చేటలో వెల్లుల్లి ఒలుస్తోంది. టీచర్‌ను చూడగానే లేచి నిలబడింది.

"అయ్యో, ఇంత దూరం వచ్చారే!" అంది ఇంద్రమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ. "మా పిల్ల మీ బడి పుస్తకమేమైనా ఎత్తుకొచ్చిందా ఏంటి?"

"లేదమ్మా. ఊరికే చూసిపోదామని."

"చూడండి, చూడండి. బంగారం లాంటి పిల్ల. నోట్లో నాలుకే లేదు. సించనా, మీ మిస్‌కు నీళ్ళివ్వవే."

సించన నీళ్ళు తెచ్చింది. వెనక మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ నాగవేణికి అందుబాటులో లేదు.

"నేను చాలా పెద్ద తప్పు చేశాను సించనా. మీ నాన్న అంతా చెప్పాడు. నాకప్పుడు తెలియదమ్మా."

సించన వెల్లుల్లి పొట్టు ఊదుతూ కాస్త ఆశ్చర్యంగా చూసింది. "మీకు తెలుసనుకున్నాను మిస్."

"నాకెలా తెలుస్తుంది తల్లీ?"

"అందరికీ తెలుసు కదా. గేటు దగ్గర కాఫీ మూటలు ఎత్తేవాళ్ళక్కూడా తెలుసు. మీరే అన్నారు కదా, లేని మనిషి ఎలా విన్నదే అని."

"అది… నేను అలా అనుకోలేదు. మీ అమ్మ ఇంట్లో లేదేమో అనుకున్నాను."

పిల్ల ఆలోచించింది. ముఖంలో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు, ఓపికగా ఆలోచించింది.

"అయినా మీరన్నది నిజమే కదా మిస్. లేని మనిషి ఎలా వింటుంది? నాకే అప్పటిదాకా తెలియలేదు. వింటుందనుకుని చదివాను."

"వింటుందమ్మా. తప్పకుండా వింది."

పెద్దవాళ్ళు ఊరడించడానికి చెప్పే మాటలను పిల్లలు ఎలా వింటారో అలా, సించన మర్యాదగా విన్నది. ఉయ్యాల్లో బిడ్డ కదిలితే తాడు లాగింది.

"మళ్ళీ మన బడికి వస్తావా? నేను మీ నాన్నతో మాట్లాడతాను. నా గదిలోనే ఉందువు గాని."

"వద్దు మిస్. ఇక్కడే ఉంటాను." ఇంకో వెల్లుల్లి తీసుకుంటూ, "ఒంటిగంట బస్సు పోతే మళ్ళీ నాలుగింటి దాకా లేదంట మిస్" అంది.

నాగవేణి ఒంటిగంట బస్సు ఎక్కింది. కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన "ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగేదాకా, తను అంతమందిలో ఏడుస్తున్నానని ఆమెకు తెలియలేదు.

తర్వాత ఆమె చేయగలిగినవన్నీ చేసింది. ప్రార్థన వేళ పిల్లలందరి ముందూ నిలబడి, సించన అబద్ధం చెప్పలేదని, తప్పు తనదని చెప్పింది. పూర్విక తన బహుమతి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తరీకెరె బడికి కాగితాలు పట్టుకెళ్ళి, అక్కడి టీచర్‌తో మాట్లాడి, సించనను చేర్పించింది. దసరా సెలవుల్లో నాలుగు కొత్త పుస్తకాలు కొని తీసుకెళ్ళింది. సించన రెండు చేతులతో అందుకుని "థాంక్యూ మిస్" అంది. పిల్ల పాఠాలు బాగానే చదువుతుందని ఇంద్రమ్మ చెప్పింది. మనసులోనే చదువుకుంటుందట. క్లాసులో పైకి చదవమంటే మాత్రం లేచి నిలబడుతుంది, గొంతు రాదు. అక్కడి టీచర్ మంచిది కాబట్టి ఆ పిల్లను అడగడమే మానేసిందట.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. ఈసారి కరిబసప్పే తాళంచెవి తెచ్చి ఇచ్చాడు. వెంట ఒక కట్ట కూడా తెచ్చాడు. తాలూకాలో ప్రతి బడికీ పంపిన అచ్చు కార్డులు. నలభై ఎనిమిది గడులు, పైన రంగుల్లో పువ్వులు, కింద 'విన్నవారి సంతకం లేదా వేలిముద్ర'.

"నీ ఆలోచనే నాగవేణమ్మా! అరవై బడుల్లో మొదలుపెడుతున్నారు."

"పుస్తకాలిస్తాను సార్. కార్డులివ్వను."

"పైనుంచి వచ్చిన ఆర్డరమ్మా అది. కార్డు లేకపోతే వాళ్ళు చదివారో లేదో నీకెలా తెలుస్తుంది?"

"తెలియకపోయినా పర్లేదు సార్."

ఆయన ఆమె ముఖం చూశాడు. కార్డుల కట్టను తన బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. ఆమె పిల్లలకు పుస్తకాలు పంచింది. ఎవరికి నచ్చింది వాళ్ళు, నచ్చినన్ని తీసుకున్నారు. మీ ఇష్టమొచ్చినట్టు చదవండి, ఇష్టం లేకపోతే తిరిగి తెచ్చేయండి, నేనేమీ అడగనని చెప్పింది. ఆ ఏడు తిరిగి వచ్చిన పుస్తకాల్లో కొన్ని నలిగి ఉన్నాయి, కొన్ని లేవు. ఎందుకని ఆమె ఎవరినీ అడగలేదు.

మే నెలలో దావణగెరె నుంచి వస్తూ ఆమె తరీకెరెలో దిగింది. ముందుగా కబురు పెట్టలేదు. హోటల్ సందులోకి తిరుగుతుండగానే పిల్లల కేకలు వినబడ్డాయి. నలుగురు ఆడపిల్లలు నేల మీద బొగ్గుతో గళ్ళు గీసుకుని తొక్కుడు బిళ్ళ ఆడుతున్నారు. వాళ్ళలో ఒక పిల్ల ఒంటికాలి మీద గెంతుతూ, పడిపోబోయి, పక్క పిల్లను పట్టుకుని విరగబడి నవ్వుతోంది. ఏడాదిలో కాస్త పొడుగైంది. ఆ నవ్వు నాగవేణి ఎన్నడూ వినలేదు. నాలుగేళ్ళు తన తరగతిలో కూర్చున్నా వినలేదు. ఇది సించన గొంతేనా అని ఒక్క క్షణం అక్కడే ఆగిపోయింది.

అంతలో సించన ఇటు చూసింది.

నవ్వు ఆగిపోయింది. ఎత్తిన కాలు నేలకు దించింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ప్రార్థనలో బారులో నిలబడినట్టు నిటారుగా నిలబడింది. "నమస్తే మిస్" అంది.

"నమస్తే అమ్మా. బస్సు కోసం ఇటు వచ్చాను. అంతే. నువ్వు ఆడుకో."

"అత్తను పిలవనా మిస్?"

"వద్దు. బస్సుకు టైమైపోతోంది. ఆడుకో."

సంచిలో తెచ్చిన పుస్తకాలు తీయలేదు. సందు మలుపు దాటాక గోడ పక్కన నిలబడింది. చాలాసేపు ఏ సద్దూ లేదు. ఆ తర్వాత ఒక పిల్ల "నీ వంతేనే!" అని అరిచింది. బిళ్ళ నేల మీద పడిన చప్పుడైంది. కాసేపటికి సించన మళ్ళీ నవ్వింది.

నాగవేణి బస్టాండు వైపు నడిచింది. మళ్ళీ ఎప్పుడూ తరీకెరెలో దిగలేదు.